పాత డీజిల్ ఎస్‌యూవీ మొరాయిస్తే: లోపాన్ని దశలవారీగా పట్టుకునే పద్ధతి

సుమో 1994లో, సఫారీ 1998లో, బొలెరో 2000లో, స్కార్పియో 2002లో మన రోడ్ల మీదికి వచ్చాయి. పెళ్లి బృందాలనూ ఎరువుల బస్తాలనూ తేడా చూపకుండా మోసిన ఈ తరహా బండ్లలో చాలావాటికి పదేళ్లు దాటిపోయాయి. పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లు పొడిగించుకున్నవీ తక్కువేమీ కాదు. అటువంటి బండి యజమాని జేబుకు చిల్లు పెట్టేవి చాలాసార్లు పాడవని భాగాలే. ఉదయం స్టార్ట్ కాకపోతే బ్యాటరీ మార్పించడం, వారం తర్వాత మళ్లీ మొరాయిస్తే సెల్ఫ్ మోటారు విప్పించడం, అప్పటికీ కుదరకపోతే వైరింగ్ మొత్తం పోయిందని తేల్చేయడం మనం చూస్తూనే ఉంటాం. ఇక్కడ చెప్పే క్రమంలో ముందు కొలత, తర్వాత శుభ్రం చేయడం, ఆ రెండూ అయ్యాకే కొత్త భాగం.

పని మొదలుపెట్టే ముందు

ఒక డిజిటల్ మల్టీమీటరు, 8 నుంచి 19 వరకు స్పానర్లు, ఎమరీ కాగితం, ఇనుప బ్రష్, టార్చి, చక్రాలకు అడ్డం పెట్టే రెండు చెక్క దిమ్మలు, ఒక చిన్న నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. బండిని చదునైన నేల మీద ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకండి. ఈ బండ్లు రెండు టన్నులకు అటూ ఇటూ బరువుంటాయి. బ్యాటరీ తీగలు విప్పవలసి వస్తే ముందు నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు దానిని చివరన బిగించండి. పాజిటివ్ ముందు విప్పబోయి స్పానరు బాడీకి తగిలితే ఎగసే నిప్పురవ్వలు బ్యాటరీ మీద పేరుకున్న హైడ్రోజన్ వాయువును అంటించగలవు.

తాళం తిప్పితే ఇంజన్ తిరగకపోతే

ముందు చెవి పెట్టి వినండి. తాళం తిప్పగానే టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉండాలి లేదా టెర్మినళ్లు వదులై ఉండాలి. ఒకే ఒక్క టక్ వినిపించి ఆగిపోతే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) పని చేసింది గానీ మోటారుకు చాలినంత కరెంటు అందడం లేదని అర్థం. మోటారు బ్రష్‌లనో, లావు కేబుళ్లనో, ఎర్తింగ్‌నో అనుమానించాలి. ఏ శబ్దమూ రాకపోతే తాళం స్విచ్, సెల్ఫ్ రిలే, ఫ్యూజు, సోలినాయిడ్‌కు వెళ్లే సన్న తీగ, ఈ వరుసలో చూడండి. రిలేను పరీక్షించడానికి సులువైన ఉపాయం, అదే నంబరున్న హారన్ రిలేను తీసి దాని స్థానంలో పెట్టి చూడడం.

తర్వాత బ్యాటరీని కొలవండి. రాత్రంతా కదలని బండిలో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే సుమారు ముప్పావు వంతు, 12.0 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇప్పుడు మరొకరిని తాళం తిప్పమని, మీరు మీటరు ముల్లులు బ్యాటరీ మీదే ఉంచి చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి జారితే చాలావరకు దాని ఆయుష్షు తీరినట్టే. అలా కాక, సెల్ఫ్ తిరగకపోయినా మీటరు మాత్రం 12 దగ్గరే నిలిచి ఉంటే తప్పు బ్యాటరీది కాదు. దానిలోని కరెంటు బయటికి పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది.

ఆ దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ఎస్‌యూవీలలో నేను చూసిన వింత లోపాలలో సగం ఇక్కడివే. ఈ బండ్లలో నిచ్చెన ఆకారపు ఇనుప చాసిస్ ఒకటి, దాని మీద రబ్బరు దిమ్మలపై కూర్చున్న బాడీ మరొకటి, రబ్బరు మౌంటింగుల మీద వేలాడే ఇంజన్ ఇంకొకటి. రబ్బరు విద్యుత్తును సాగనివ్వదు కాబట్టి ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని లంకల్లా ఉంటాయి. వాటిని కలిపేవి అల్లిక రాగి పట్టీలు, కొన్ని నల్ల కేబుళ్లు మాత్రమే. పదేళ్ల వానకూ బురదకూ ఆ పట్టీల బోల్టుల కింద తుప్పు పట్టి, కరెంటు తిరుగుదారి ఇరుకవుతుంది. అప్పుడు ఎడమ ఇండికేటరు వేస్తే పార్కింగ్ లైటు కూడా మినుకుమంటుంది, హెడ్‌లైట్లు వేయగానే ఇంజన్ ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు గేర్ కేబులో యాక్సిలరేటర్ కేబులో వెచ్చబడుతుంది. కరెంటు తన దారి దొరక్క దొరికిన ఇనుమునల్లా పట్టుకు పోతున్నదన్నమాట.

మా బండి పదకొండో ఏట సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు ఇంజన్ వేడి మీద ఉండగా టక్ అని ఊరుకుంది; అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. అప్పటికే కొత్త బ్యాటరీ వేయించాము, సెల్ఫ్ మోటారు బాగుచేయించాము. ఇంటికి వచ్చాక మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండోదాన్ని ఇంజన్ బ్లాకుకు ఆనించి తాళం తిప్పిస్తే 2.8 వోల్టులు చూపింది. పట్టీ పైకి శుభ్రంగానే కనిపించింది. బోల్టు విప్పి చూస్తే లగ్గు (పట్టీ చివర బోల్టు దూరే రేకు) కింద పచ్చటి పొడి, దాని లోపల రాగి పోగులు వేలితో తాకగానే ఎండు సేమ్యాలా విరిగి రాలాయి. కొత్త పట్టీ వేసి, బోల్టు కూర్చునే చోట రంగు గీకి ఇనుము మెరిసేదాకా ఎమరీ పట్టించాక అదే కొలత 0.1 వోల్టుకు దిగింది.

మీరు కూడా ఇదే చేయండి. సెల్ఫ్ కొడుతూ ఉండగా బ్యాటరీ నెగటివ్ స్తంభం నుంచి ఇంజన్ బ్లాకుకు, అక్కడి నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి బాడీకి వోల్టులు కొలవండి. ఎక్కడ చూసినా 0.2 లోపు ఉండాలి, 0.5 దాటితే ఆ పట్టీని విప్పి శుభ్రం చేయడమో మార్చడమో తప్పదు. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టు వరకు ఇదే విధంగా కొలిస్తే 0.5 లోపు రావాలి. ఈ పరీక్షను ఓమ్ మీటరుతో చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు, చాలదు. డీజిల్ ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లకు మించి లాగగలదు, అంత ప్రవాహం దగ్గర ఒక ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే కరిగిపోతాయి, మామూలు మీటరు అంత చిన్న నిరోధాన్ని పట్టలేదు. శుభ్రం చేసిన కీలు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూస్తే తుప్పు మళ్లీ త్వరగా రాదు.

బ్యాటరీ రోజూ దిగిపోతుంటే

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసినా 13.5 కంటే తగ్గకూడదు. తగ్గితే ముందు బెల్టు బిగువు చూడండి, తర్వాతే మనవాళ్లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరును విప్పించండి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టు. అలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడుతాయి. కొన్ని పాత డీజిల్ ఇంజన్లలో బ్రేకుకు అవసరమైన వాక్యూమ్ పంపు ఈ డైనమో వెనుకే ఉంటుంది. దాని సీలు కారితే ఇంజన్ ఆయిల్ డైనమో లోపలికి చేరి బ్రష్‌లను పాడుచేస్తుంది. కాబట్టి డైనమో ఆయిల్‌తో తడిసి ఉంటే సీలు మార్చకుండా బ్రష్‌లు మాత్రం మార్చడం డబ్బు దండగ.

ఛార్జింగ్ సరిగానే ఉండి కూడా రెండు మూడు రోజులు ఆపితే బ్యాటరీ చస్తోందంటే ఏదో దొంగచాటుగా కరెంటు తింటోంది. నెగటివ్ కేబుల్ విప్పి, మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, కేబుల్‌కూ బ్యాటరీ స్తంభానికీ మధ్య మీటరును కలపండి. ఈ స్థితిలో పొరపాటున కూడా తాళం తిప్పవద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. తలుపులన్నీ మూసి, అరగంట ఆగి చూడండి, 0.05 ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అర ఆంపియరు చూపితే రోజుకు 12 ఆంపియర్ గంటలు ఖర్చవుతున్నట్టు, అంటే 70 ఆంపియర్ గంటల బ్యాటరీ ఆరు రోజులు కూడా నిలవదు. ఇప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు మీటరు పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉంది. అన్నీ తీసినా పడకపోతే ఫ్యూజు పెట్టె తాకకుండా నేరుగా బ్యాటరీకి తగిలించిన మ్యూజిక్ యాంప్లిఫయరు, జీపీఎస్ ట్రాకరు, ఫాగ్ లైట్ల తీగలు వెతకండి. డైనమోలో చెడిన డయోడ్ కూడా ఈ పని చేయగలదు.

ఫ్యూజులు, హెడ్‌లైట్లు, ఎలుకలు

ఫ్యూజు రంగే దాని సామర్థ్యం చెబుతుంది: ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పోయిన ఫ్యూజు స్థానంలో అంతకంటే పెద్దది పెట్టడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం బండిని తగలబెట్టుకునే మార్గాలు. కంపెనీ ఇచ్చిన 60 వాట్ల హెడ్‌లైట్ల జత సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. వెలుగు చాలలేదని 100 వాట్లవి వేస్తే అది 17కు చేరుతుంది, సన్న తీగలు, స్విచ్ మాత్రం పాతవే ఉంటాయి. బల్బు వెనుక ప్లాస్టిక్ హోల్డరు గోధుమ రంగుకు మారి పెళుసుబారి ఉంటే తీగలు వేడెక్కి మాడడం ఇప్పటికే మొదలైంది. వెలుగు తగ్గడానికి అసలు కారణం తరచుగా అద్దం మసకబారడమో, పైన చెప్పిన ఎర్తింగో అయి ఉంటుంది. అవి సరిచేశాకా చాలకపోతే రిలేలతో కూడిన విడి వైరింగ్ వేయించండి.

వారం రోజులు కదలని బండిలో ఒకేసారి రెండు మూడు సంబంధం లేని లోపాలు కనిపిస్తే, కంప్యూటరు స్కానింగ్‌కు ముందు బోనెట్ ఎత్తి ఎలుకల జాడ చూడండి. బ్యాటరీ పెట్టె చుట్టూ రెట్టలు, ఇన్సులేషన్ దూది ముక్కలు, పళ్ల గాట్లు పడిన తీగలు దొరుకుతాయి. కొరికిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం ఊరు చేరడానికి మాత్రమే. ఆ తర్వాత సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించాలి.

సెల్ఫ్ బాగానే తిరిగి, ఇంజన్ అందుకోకపోతే

మన ఎండలలో డీజిల్ ఇంజన్ చలికి మొరాయించే అవకాశం తక్కువ, కాబట్టి సిలిండర్లను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గుల మీదికి వెంటనే పోకుండా ఇంధనాన్ని చూడండి. స్టీరింగ్ ముందున్న మీటర్ల పెట్టెలో ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) గుర్తు వేగంగా మెరుస్తుంటే తాళాన్ని బండి గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. అది కాకపోతే డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న నట్టు వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే నీరు అడుగుకు దిగి గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. నీరు ఉంటే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వంపండి. తర్వాత ఫిల్టర్ మీదనో పక్కనో ఉండే చేతి పంపును గట్టిపడేదాకా నొక్కండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్య ఎక్కడో గాలి లాగుతోంది. పాత రబ్బరు పైపులు, క్లిప్పుల దగ్గర సన్నని పగుళ్లు వెతకండి. డీజిల్ బయటికి కారకపోయినా లోపలికి గాలి పీల్చగలవు, అందుకే వీటిని పట్టుకోవడం కష్టం. అనుమానమున్న పైపు స్థానంలో పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క తాత్కాలికంగా తొడిగితే బుడగలు కంటికే కనిపిస్తాయి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. పాత యాంత్రిక పంపు ఇంజన్లకు ఎయిర్ తీయడానికి ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవారు. అన్ని ఇంజెక్టర్లకూ ‘రైలు’ అనే ఒకే అధిక పీడన గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైలు ఇంజన్‌లో ఆ పని చేయకూడదు. అక్కడి పీడనం 1000 బార్లకు మించుతుంది, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయి చేయి తీయవలసినంత ప్రమాదం తెచ్చిపెట్టగలదు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ వేగం చూపే ముల్లు అసలు కదలకపోతే ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సారును అనుమానించండి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్న బండ్లలో చవకగా దొరికే బ్లూటూత్ స్కానరుతో కోడ్ చదవవచ్చు: పీ0335 క్రాంక్ సెన్సారు సర్క్యూట్‌ను, పీ0087 రైలులో పీడనం చాలకపోవడాన్ని సూచిస్తాయి. కోడ్ వచ్చిందంటే ఆ భాగం పోయిందని కాదు, ఆ దారిలో తేడా ఉందని మాత్రమే. పీ0087కు పంపు మార్చమనే ముందు 20 వేల కిలోమీటర్లుగా మార్చని డీజిల్ ఫిల్టరు మార్చండి.

పిక్-అప్ తగ్గి పొగ వస్తుంటే

నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టరు తీసి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు దూరకపోతే మార్చండి. అది బాగుంటే టర్బో (ఇంజన్ లోపలికి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే లావు రబ్బరు పైపులను చేత్తో పిసికి చూడండి. ఆయిల్ ఆవిరికి ఏళ్ల తరబడి నాని ఈ పైపులు మెత్తబడతాయి, అడుగు వైపు, చేయి తప్ప కన్ను చేరని చోట, చీలుతాయి. ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో పీడనానికి తెరుచుకుని బుస్సుమంటుంది, వెనుక నల్ల పొగ లేస్తుంది. స్కానరులో టర్బో పీడనం చాలడం లేదని చెప్పే పీ0299 కనిపిస్తే, టర్బో మార్చాలనే మాట వినకముందు ఈ పైపు చూడండి.

నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. అది టర్బో సీలు నుంచి వస్తుంటే త్వరగా సరిచేయించాలి, ఎందుకంటే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోగలదు. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను బలవంతంగా ఆపాలి. తెల్ల పొగ ఉదయం కాసేపు వచ్చి ఆగితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో కావచ్చు. ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే ఇంజన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

ఇంజన్ వేడెక్కితే

వేడి ఇంజన్ రేడియేటర్ మూత తెరవవద్దు. సుమారు ఒక బారు అదనపు పీడనం కింద నీరు 120 డిగ్రీల దగ్గర కానీ మరగదు. మూత తీయగానే ఆ పీడనం పోయి అంతా ఒక్కసారి ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారాక ఈ వరుసలో చూడండి.

కూలెంట్ తగ్గి ఉంటే ఎటుపోతోందో వెతకండి: వాటర్ పంపు కింద తెల్లటి లేదా రంగు మరక, హీటరు పైపులు, తెల్లవారి నేల మీద తడి. తగ్గిన చోట బోరు నీరు పోయడం మన అలవాటు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల బోరు నీటికి బిందెల అడుగున ఎలాంటి పొర కడుతుందో తెలిసినవారు రేడియేటర్ సన్నని గొట్టాలలో ఏం జరుగుతుందో ఊహించుకోగలరు. డిస్టిల్డ్ వాటరు, కూలెంట్ సమపాళ్లలో కలిపి పోయండి. తర్వాత ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులోకి టార్చి వేయండి; పురుగులు, దుమ్ము, వరి కోతల కాలపు పొట్టు కలిసి అక్కడ దుప్పటిలా పేరుకుంటాయి. దీన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లని ధారతో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

వేగంగా పోతుంటే చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడే ముల్లు లేస్తుంటే ఫ్యాను తప్పు. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాను అయితే, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, తాళం తీసేసి, రెక్కను చేత్తో తిప్పండి. బిగువుగా కదలాలి, గాలిపటం చరఖాలా గిర్రున తిరిగితే దాని క్లచ్ పోయినట్టు. అక్కడ ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా ఉంటే బ్యాటరీ నెగటివ్ విప్పకుండా చేయి పెట్టవద్దు. దీనికి విరుద్ధంగా, హైవే మీద మాత్రమే వేడెక్కితే థర్మోస్టాట్, లోపల మూసుకున్న రేడియేటర్ అనుమానితులు. చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు ఆగకుండా బుడగలు వస్తే, లేదా ఆయిల్ మజ్జిగలా మారితే, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. ఇక నడపకుండా మెకానిక్‌ను పిలవండి.

కింది భాగం, బ్రేకులు

ముందు చక్రాన్ని ఎత్తి, స్టాండ్ పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బాల్ జాయింట్ లేదా బేరింగు. కుడి ఎడమలు పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్. గుంతల్లో ముందు నుంచి వచ్చే టకటక చాలాసార్లు స్టెబిలైజరు లింకులది, ఇది చవకైన పని. రివర్సు వేసి కదలగానే ఒక్క దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు అరిగిందేమో చూసి, నిపుల్స్ ఉంటే గ్రీజు కొట్టించండి.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకొకసారి మార్చాలి. పెడల్ గట్టిపడి బండి ఆగకపోతుంటే ఈ పరీక్ష చేయండి: ఇంజన్ ఆపి, పెడల్‌ను ఐదారు సార్లు తొక్కి, కాలు గట్టిగా అదిమి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ పంపు, దాని పైపు, బూస్టరు, ఈ వరుసలో చూడాలి. అలా కాక, నొక్కి పట్టిన పెడల్ నెమ్మదిగా నేలకు జారిపోతుంటే మాస్టర్ సిలిండరు లీకు లేదా ఎక్కడో ఆయిల్ కారడం. ఆ బండిని పక్క వీధి షెడ్డుకైనా నడిపి తీసుకుపోవద్దు. తాడు కట్టి లాగించడం కూడా వద్దు, ఎందుకంటే ఇంజన్ ఆగిన బండిలో బ్రేకు, పవర్ స్టీరింగ్ రెండూ బరువెక్కి, తాడు వదులైన క్షణంలో మీరు ముందు బండి డిక్కీని గుద్దుతారు. వాహనాన్ని మోసుకుపోయే లారీని పిలిపించండి.